నేర్చుకునే కళ – జిడ్డు కృష్ణమూర్తి

ప్రవేశిక

ఒక పనిని ఎలా చేయాలో ఒకరు చెప్పగా మరొకరు నేర్చుకోవడం మానవ సమాజమంత ప్రాచీనమైనది. అయితే చెప్పిన మాటలను జ్ఞాపకం ఉంచుకోవడం వేరు. ఆ మాటల వెనుక ఉన్న పని స్వరూపాన్ని గ్రహించడం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని జీవితమంతా పరిశీలించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి. మదనపల్లెలో పుట్టి ప్రపంచమంతా సంచరించిన ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచి విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చిత్తూరు జిల్లాలోని పలమనేరు ప్రాంతం మట్టిబొమ్మలకు, మట్టిపాత్రలకు పేరుపొందింది. కుమ్మరి ఇంట పుట్టిన పిల్లవాడు సారె ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు పెద్దలు ఒక్కొక్క మాటే చెబుతారు. మట్టి ముద్దను సారె నడుమ నిలపమంటారు. బొటనవేలితో నడుమ గుంట చేయమంటారు. రెండు చేతుల మధ్య గోడను మెల్లగా పైకి లేపమంటారు. చివరకు అంచు దిద్దమంటారు. మొదట్లో ఆ పిల్లవాడు ప్రతి మాటకూ పెద్దల ముఖం చూస్తాడు. కొన్నాళ్ళకు చూడడం మానేస్తాడు. ప్రమిద చేయడం నేర్చుకున్నవాడు ముంతకు, ముంత చేయగలవాడు కుండకు సాహసిస్తాడు. ప్రమిద కొలతలు కుండకు పనికిరావు. అయినా నిలపడం, తెరవడం, లేపడం, దిద్దడం అనే వరుస మాత్రం అన్నింటికీ ఒక్కటే. ఆ వరుస ఏ ఒక్క పాత్రకూ చెందినది కాదు. కంటికి కనిపించేదీ కాదు. దానిని గ్రహించినవాడికి కొత్త పాత్ర కొత్త కష్టంగా తోచదు. గ్రహించనివాడికి ప్రతి పాత్రకూ మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది.

చెప్పిన మాటల నుంచి చెప్పని వరుసను మనసు ఎలా అందుకుంటుంది? భయం ఉన్నచోట ఆ పని జరుగుతుందా? ఇతరుల సూచనలు ఎంతవరకు అవసరం? ఎక్కడ అవి అడ్డుగా మారతాయి? పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా వెళ్ళే దారిలో వచ్చే మదనపల్లె పట్టణంలో ఈ ప్రశ్నలకు తన జీవితాన్నే పరిశోధనశాలగా చేసుకున్న మహనీయుడు జన్మించాడు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి జిడ్డు నారాయణయ్య మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, రెవెన్యూ శాఖ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కావడం చేత, దేవకీదేవి అష్టమగర్భాన పుట్టిన శ్రీకృష్ణుని పేరును తల్లిదండ్రులు ఆ బిడ్డకు పెట్టుకున్నారు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం కడపకు వెళ్ళింది. అక్కడ బాలునికి మలేరియా జ్వరం సోకింది. అది పదేపదే తిరగబెట్టడంతో చదువు కుంటుపడింది. 1905లో తల్లి మరణించింది. అప్పటికి ఆ బాలుని వయస్సు పదేళ్ళు.

బక్కచిక్కిన శరీరం, తరచు వచ్చే జ్వరం, ఎటో చూస్తూ ఉండిపోయే స్వభావం గల ఈ బాలుణ్ణి ఉపాధ్యాయులు మందబుద్ధిగా భావించారు. పాఠం అప్పజెప్పమంటే అప్పజెప్పలేకపోయేవాడు. ఏడుస్తూ వరండాలో గంటల తరబడి నిలబడేవాడు. మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు నిత్యానంద చురుకైనవాడు. అన్నగారి చేయి పట్టుకొని ఇంటికి తీసుకువచ్చేవాడు. ఇంటికి వచ్చిన బాలుని చేతిలో ఒక్కొక్కసారి పలక కూడా ఉండేది కాదు. తనకంటె పేదవాడైన మరొక బాలునికి ఇచ్చి వచ్చేవాడు. చెట్లను, చీమలను, మబ్బులను చూస్తూ కాలం మరచిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒక సంఘటన జరిగింది. ఇంట్లో తండ్రిగారి గడియారం ఒకటి ఉండేది. ఒకనాడు బాలుడు దానిని పూర్తిగా విప్పి, భాగాలన్నింటినీ ఎదుట పరచుకొని కూర్చున్నాడు. తిరిగి బిగించేవరకు బడికి వెళ్ళలేదు, భోజనానికి లేవలేదు. చివరకు దానిని యథాతథంగా బిగించాడని జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. పాఠాలు గుర్తుండని బాలునికి గడియారం ఎలా సాధ్యపడింది? అక్కడ కంఠస్థం చేయవలసిన సూచనల పట్టిక ఏదీ లేదు. ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతున్నది, ఏది తీస్తే ఏది ఆగిపోతుంది అన్న సంబంధాన్ని కన్ను చూసింది, మనసు అందుకుంది. సంబంధం తెలిసిన తరువాత ఏ భాగం తరువాత ఏ భాగం రావాలో ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది. అంతేకాదు, అక్కడ బెత్తం పట్టుకొని నిలబడినవారు ఎవరూ లేరు. ఒకే బాలుడు ఒకచోట మందబుద్ధిగా, మరొకచోట నిపుణుడుగా కనిపించడానికి కారణం అతని బుద్ధిలో కంటె అతడు నేర్చుకున్న పరిస్థితిలోనే ఉంది.

ఉద్యోగ విరమణ చేసిన నారాయణయ్య 1909 జనవరిలో కుమారులతో మద్రాసు సమీపంలోని అడయారుకు చేరుకున్నారు. అక్కడ దివ్యజ్ఞాన సమాజ కేంద్రంలో ఆయనకు పని దొరికింది. మైలాపూరులోని బడిలో కూడా కృష్ణమూర్తికి దెబ్బలు తప్పలేదు. ఆ ఏడాదే సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ అడయారు సముద్రతీరంలో ఈ బాలుణ్ణి చూశారు. లోకానికి రాబోయే జగద్గురువుకు వాహకం కాగల వ్యక్తిగా ఆయన బాలుణ్ణి గుర్తించారు. బడి మాన్పించి, అన్నదమ్ములకు ప్రత్యేకంగా బోధించే ఏర్పాటు జరిగింది. ఏడాది తిరగకుండానే కృష్ణమూర్తి ఆంగ్లంలో ఉత్తరాలు రాయగలిగాడు. ఆంగ్లమే నిత్యవ్యవహార భాష కావడంతో, కాలక్రమంలో మాతృభాషయైన తెలుగును ఆయన దాదాపుగా మరచిపోవడం విచారకరమైన విషయం.

అడయారు జీవితం పూర్తిగా సూచనల జీవితం. నిద్ర లేవవలసిన వేళ, స్నానం చేయవలసిన తీరు, చదువు, వ్యాయామం, ఆహారం అన్నీ ఇతరులు నిర్ణయించేవారు. బాహ్య జీవితంతోపాటు అంతరంగ సాధనకు కూడా మెట్లు, నియమాలు ఏర్పాటయ్యాయి. ఆల్సియోనీ అనే పేరుతో 1910లో ఆయన రచనగా వెలువడిన చిన్న పుస్తకం కూడా గురువు శిష్యునికి చేసిన ఉపదేశాల రూపంలోనే ఉంది. 1911లో ఆయన అధిపతిగా తూర్పు తారా సంఘం స్థాపించబడింది. అదే ఏడాది అనిబిసెంటు అన్నదమ్ములను ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు. కుమారులను తనకు తిరిగి అప్పగించాలని నారాయణయ్య న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1913లో మద్రాసు ఉన్నత న్యాయస్థానం తండ్రి పక్షాన తీర్పు ఇచ్చింది. 1914లో లండనులోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును మార్చింది. ఆ విధంగా తండ్రీకొడుకుల మధ్య ఎడబాటు శాశ్వతమైంది.

ఇంగ్లండులో కృష్ణమూర్తి లండను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు పలుమార్లు కూర్చున్నారు. ప్రతిసారీ విఫలులయ్యారు. తమ్ముడు నిత్యానంద మాత్రం న్యాయశాస్త్రం చదివాడు. వేలాదిమంది భక్తులు జగద్గురువుగా ఆరాధిస్తున్న వ్యక్తి ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేకపోవడం వింతగా తోస్తుంది. మైలాపూరు బడిలోని బాలుడు ఇంకా ఆయనలో ఉన్నాడనిపిస్తుంది.

ఈ లోపల నిత్యానందకు క్షయవ్యాధి సోకింది. ఆరోగ్యం కోసం అన్నదమ్ములు 1922లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి చేరి ఓహాయి లోయలో నివసించారు. నిత్యానంద జీవితం తమ కార్యానికి అవసరమని, అందువల్ల అతనికి ప్రాణభయం లేదని సమాజ పెద్దలు విశ్వసించారు. కృష్ణమూర్తి కూడా ఆ మాటను నమ్మారు. 1925 నవంబరులో ఓడపై భారతదేశానికి వస్తుండగా తమ్ముని మరణవార్త తంతి ద్వారా ఆయనకు అందింది. కొన్ని రోజులపాటు ఆయన దుఃఖంలో మునిగిపోయారు. ఒడ్డు చేరేసరికి బాహ్యంగా ప్రశాంతులయ్యారు. అయితే పెద్దలు చెప్పిన దానిని చెప్పినట్లు స్వీకరించే విశ్వాసం మాత్రం ఆ సముద్రంలోనే సడలిపోయింది.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ గ్రామంలో తారా సంఘ సభ్యులు సుమారు 3000 మంది సమావేశమయ్యారు. అనిబిసెంటు కూడా అక్కడే ఉన్నారు. తమ గురువు ఇక మార్గం చెబుతాడని, మెట్లు చూపుతాడని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆ సభలో కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. సత్యాన్ని చేరడానికి ఎవరో వేసిన బాట అంటూ ఉండదని, సంస్థలు, గురువులు, ఆచారాలు మనిషిని అక్కడికి చేర్చలేవని ఆయన స్పష్టం చేశారు. తనకు అనుచరులు అక్కరలేదన్నారు. సంఘానికి విరాళంగా వచ్చిన భూములను, ధనాన్ని దాతలకు తిరిగి ఇప్పించారు. అప్పటికి ఆయన వయస్సు 34 ఏళ్ళు. కోరకుండానే లభించిన సింహాసనాన్ని కోరి వదులుకున్నవారు చరిత్రలో అరుదు.

ఈ నిర్ణయాన్ని కొందరు అపార్థం చేసుకున్నారు. కృష్ణమూర్తి బోధననే నిరాకరించాడని, ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పనక్కరలేదని ఆయన అభిప్రాయమని భావించారు. అది సరికాదు. ఆయన రెండు రంగాలను స్పష్టంగా వేరుచేశారు. భాష, గణితం, యంత్రం నడపడం, వైద్యం వంటి విషయాలలో జ్ఞానం, జ్ఞాపకశక్తి, అభ్యాసం, తెలిసినవారి సూచనలు తప్పనిసరి అని ఆయన అంగీకరించారు. వాహనం నడపడం తెలియనివాడు తెలిసినవాని మాట వినవలసిందే. కానీ భయం, అసూయ, దుఃఖం వంటి మనోభావాలను అర్థం చేసుకొనే విషయంలో ఇతరుల సూచనలను అనుసరించినవాడు తనను తాను చూడడం మానేస్తాడని హెచ్చరించారు. ఎలా ప్రవర్తించాలో చెప్పమని అడిగేవారు నిజానికి చూసే శ్రమ నుంచి తప్పించుకోగోరుతున్నారని ఆయన భావన.

మొదటి రంగంలో కూడా సూచనలను ఎలా ఇవ్వాలి, ఎలా స్వీకరించాలి అన్న ప్రశ్నను ఆయన విడిచిపెట్టలేదు. భయంతో విన్న మనసు మాటలను పట్టుకుంటుంది, అర్థాన్ని జారవిడుస్తుంది. దెబ్బ తప్పించుకోవడమే దాని లక్ష్యం కనుక చెప్పినదానిని చెప్పినట్లు ఒప్పజెప్పి ఊరట పొందుతుంది. బహుమానం కోసం నేర్చుకున్నా, ఇతరులతో పోల్చుకుంటూ నేర్చుకున్నా ఫలితం అదే. అందువల్ల విద్యాలయాలలో దండన, పోలిక, పోటీ ఉండరాదని ఆయన పట్టుపట్టారు. క్రమశిక్షణకు ఆంగ్లంలో వాడే పదానికి మూలార్థం నేర్చుకోవడమే గాని లొంగిపోవడం కాదని ఆయన తరచు గుర్తుచేసేవారు. 1953లో విద్యను గురించి వెలువరించిన గ్రంథంలో, తరువాత పాఠశాలలకు రాసిన లేఖలలో ఈ భావాలను విపులంగా చర్చించారు.

ఈ ఆలోచనలకు రూపమే ఋషివ్యాలీ పాఠశాల. మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో తెట్టు గ్రామం వద్ద, కొండల నడుమ ఒక విశాలమైన మర్రిచెట్టు గల లోయను 1920వ దశకం నడుమ ఎంపిక చేశారు. పూర్వం ఋషులు తపస్సు చేసిన చోటని స్థానికులు చెప్పుకొనే ఋషికొండ అక్కడే ఉంది. మద్రాసులోని గిండీలో నడుస్తున్న పాఠశాల 1931లో ఈ లోయకు తరలివచ్చింది. తరువాతి కాలంలో వారణాసిలోని రాజఘాట్‌లోను, మద్రాసు, బెంగుళూరు నగరాలలోను, ఇంగ్లండు, అమెరికాలలోను ఆయన భావాలకు అనుగుణంగా విద్యాలయాలు వెలిశాయి. స్వాతంత్ర్యానంతరం కృష్ణమూర్తి దాదాపు ప్రతి శీతకాలం భారతదేశానికి వచ్చేవారు. ఋషివ్యాలీలో పిల్లల నడుమ కూర్చొని, వారి ప్రశ్నలకు సిద్ధంగా ఉన్న జవాబులు ఇవ్వక, వారితో కలిసి ఆ ప్రశ్నను విప్పి చూసేవారు. ఒకనాడు గడియారాన్ని విప్పినట్లే! సాయంసంధ్యలో విద్యార్థులు మౌనంగా కూర్చొని సూర్యాస్తమయాన్ని తిలకించే అస్తాచలం అనే సంప్రదాయం అక్కడ నెలకొన్నది.

1985 డిసెంబరులో ఆయన చివరిసారిగా ఋషివ్యాలీని దర్శించారు. 1986 జనవరిలో మద్రాసులోని వసంత విహార్‌లో చివరి ప్రసంగాలు చేశారు. అదే ఏడాది ఫిబ్రవరి 17న ఓహాయిలో తన 90 ఏళ్ళ వయస్సులో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. తన తరువాత తన పేరుతో ఎవరూ అధికారపూర్వకంగా మాట్లాడరాదని ఆయన ముందే తెలియజేశారు.

ఆయన చివరి రోజుల నాటికే ఋషివ్యాలీ పరిసర గ్రామాలలో మరొక ప్రయత్నం మొదలైంది. కరవుకు తరచు గురయ్యే ఆ పల్లెల్లో పిల్లలు కొన్నాళ్ళు బడికి వస్తారు, కొన్నాళ్ళు మేకల వెంట పోతారు. తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. వెనుకబడిన పిల్లవాడు సిగ్గుపడి బడి మానేస్తాడు. ఈ సమస్యకు పరిష్కారంగా ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం కార్డుల రూపంలో పాఠాలు తయారుచేసింది. ఈ పద్ధతిని రూపొందించినవారు అక్కడి ఉపాధ్యాయులు, కృష్ణమూర్తి కాదు. అయినా భయరహితమైన అభ్యసనం అన్న ఆయన ఆశయం అందులో ప్రతిఫలించింది.

ఆ బడిలో గోడమీద అభ్యసన నిచ్చెన ఉంటుంది. ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య ఉంటాయి. పిల్లవాడు తాను ఉన్న మెట్టును చూసుకొని, ఆ గుర్తుగల కార్డును తానే తీసుకుంటాడు. మొదట కొత్త విషయం పరిచయం, తరువాత అభ్యాసం, ఆపైన పరీక్షించుకోవడం వస్తాయి. తడబడినవారికి మరికొంత అభ్యాసం, పూర్తిచేసినవారికి మరింత విస్తృతమైన పని ఉంటాయి. కొన్ని పనులు ఉపాధ్యాయుని ఎదుట, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా చేయాలి. బడిలో చేరిన కొత్తలో పిల్లవాడు ప్రతి అడుగుకూ ఉపాధ్యాయుణ్ణి అడుగుతాడు. క్రమంగా గుర్తు చూడగానే అది ఎటువంటి పనో, ఎవరితో కూర్చోవాలో, తరువాత ఏమి రావాలో తెలుసుకుంటాడు. తెలుగు నిచ్చెనలో అలవడిన ఈ వరుస గణితం నిచ్చెనలోనూ పనికివస్తుంది. అక్షరాలతోపాటు నేర్చుకునే తీరును కూడా అతడు నేర్చుకుంటున్నాడు. రెండు వారాలు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు తాను విడిచిన మెట్టునుంచే ప్రారంభిస్తాడు. అతణ్ణి ఎవరూ వరండాలో నిలబెట్టరు.

పెట్టెలో బడిగా పేరుపొందిన ఈ పద్ధతి ఋషివ్యాలీకే పరిమితం కాలేదు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట ప్రాంతంలో మొదలైన నలి-కలి కార్యక్రమానికి, 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో ప్రారంభమైన కృత్యాధార బోధనకు ఇది స్ఫూర్తినిచ్చింది. అయితే ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. కార్డులోని పనిని అర్థం చేసుకోక, గుర్తులు దాటుకుంటూ పోవడమే చదువు అనుకుంటే నిచ్చెన కూడా మరొక కంఠస్థ పాఠమే అవుతుంది. ఏ సూచనకైనా సార్థకత అది తనను తాను అనవసరం చేసుకున్నప్పుడే కలుగుతుంది.

విద్యార్థి జీవితంలో ఈ సత్యం అడుగడుగునా ఎదురవుతుంది. లెక్క చేసే విధానాన్ని అంకెలతో సహా కంఠస్థం చేసినవాడు ప్రశ్నపత్రంలో అంకెలు మారగానే తెల్లబోతాడు. ఆ విధానంలో ఒక మెట్టు తరువాత మరొక మెట్టు ఎందుకు వచ్చిందో తెలిసినవాడు కొత్త లెక్కను కూడా పరిచితునిలా పలకరిస్తాడు. మొదటివానికి బుద్ధి లేదని అనడానికి వీలులేదు. బహుశా అతనికి విప్పి చూసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. మందబుద్ధిగా ముద్రపడిన మదనపల్లె బాలుడు ప్రపంచం గౌరవించిన తత్త్వవేత్త కావడం మనకు ఇదే తెలుపుతుంది. పిల్లవాని చేతిలో గడియారం ఉన్నంతసేపు అతణ్ణి ఓర్పుతో చూడగలిగిన పెద్దలు, తెలియదని చెప్పడానికి జంకని పిల్లలు ఉన్నచోట చదువు నిజంగా చదువవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

సారె = కుమ్మరి చక్రం
మందబుద్ధి = చురుకుదనం లేని బుద్ధి గలవాడు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
వాహకం = మోసేది, ఆధారమైనది
ఎడబాటు = వియోగం
తంతి = టెలిగ్రాం
అభ్యసనం = నేర్చుకోవడం
అస్తాచలం = సూర్యుడు అస్తమించే కొండ, పడమటికొండ
సార్థకత = ప్రయోజనం నెరవేరడం
జంకు = వెనుదీయు, భయపడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సూచనలను అనుసరించడానికి, పని స్వరూపాన్ని గ్రహించడానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. జిడ్డు కృష్ణమూర్తి తారా సంఘాన్ని రద్దు చేయడానికి దారితీసిన పరిస్థితులను తెలపండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గడియారం సంఘటన ద్వారా బాలుని స్వభావం ఎలా వ్యక్తమైంది?
2. ఏ రంగాలలో ఇతరుల సూచనలు అవసరమని కృష్ణమూర్తి అంగీకరించారు? ఎక్కడ కాదన్నారు?
3. అభ్యసన నిచ్చెన పని తీరును వివరించండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కృష్ణమూర్తి తల్లిదండ్రులెవరు?
2. ఋషివ్యాలీ ఏ గ్రామం వద్ద ఉంది?
3. కృష్ణమూర్తి ఎక్కడ, ఎప్పుడు మరణించారు?

IV. సంధులు, సమాసాలు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
ఏకోపాధ్యాయ = ఏక + ఉపాధ్యాయ – గుణ సంధి
అన్నదమ్ములు = అన్నయును, తమ్ముడును – ద్వంద్వ సమాసం
మట్టిపాత్రలు = మట్టితో చేసిన పాత్రలు – తృతీయా తత్పురుష సమాసం

V. మీ ఇంట్లో గాని, ఊరిలో గాని పెద్దల వద్ద మీరు నేర్చుకున్న ఒక పనిని తీసుకోండి. అందులోని మెట్లను రాసి, ఆ వరుస మరే పనిలో ఉపయోగపడుతుందో తెలపండి.